మల్లుని ఘనతకు కొలమానమేది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



పఠన మందిరమునకు వార్తాపత్రిక వచ్చిన తోడనే యువకులు ముందుగా విప్పునది క్రీడల పుట. దానిని చదువుటకు పట్టు కాలము కంటె, దానిని గూర్చి అరుగుమీద వాదించుటకు పట్టు కాలము మిక్కుటము. తాను మెచ్చిన ముష్టియోధుడు ఇన్ని బిరుదులు గెలిచెనని ఒకడు చెప్పును. తన వాడు ఓటమినే యెరుగడని వేరొకడు చెప్పును. అంకెకు అంకెను, బిరుదునకు బిరుదును ఎదురుపెట్టుచుండగానే దీపములు పెట్టు వేళ యగును. ఎవరును ఓడరు, ఎవరును ఒప్పుకొనరు. ఇట్టి వాదము వ్యర్థమని కొందరు పెద్దలు విసుగుకొందురు. కాని అది వ్యర్థము కాదు. ఎవనిని గొప్పవాడని మెచ్చవలెనో తేల్చుకొనుట యనగా, తాను ఎట్టివాడు కావలెనో తేల్చుకొనుటయే. కావున ఆ వాదమును మాన్పుట కంటె దానికొక సరియైన కొలత చూపుట మేలు.

భూమి విషయమున పల్లెవారికందరకును తెలిసిన సంగతి యొకటి కలదు. పట్టా వేరు, అడంగలు వేరు. పట్టా చూచినచో భూమి ఎవని పేరనున్నదో తెలియును. ఆ భూమిలో ఏ పైరు వేసిరి, నీరెక్కడిది, పంట యెట్లున్నది అను సంగతులు అడంగలు చూచిన గాని తెలియవు. పట్టా చేతనుంచుకొని నేలను బీడుపెట్టినవాడును కలడు. పట్టా లేకయే కౌలునకు దున్ని పుట్లకొలది పండించినవాడును కలడు. మల్లుని బిరుదు పట్టా వంటిది. వాని ఘనత తెలియవలెనన్న అడంగలు చూడవలెను. అందు చూడదగిన గడులు నాలుగు. మొదటిది, అతడు ఎవనితో తలపడెను. రెండవది, అతనికి ఏ త్రోవ మూయబడి యుండెను. మూడవది, గోదాలో ఎదిరి చిక్కినప్పుడు ఎట్లు వర్తించెను. నాల్గవది, గోదా వెలుపల ఆ బలమును దేనికి వినియోగించెను.

మొదటి గడికి పురాణములోనే నిదర్శనము కలదు. కృష్ణుడును, భీమార్జునులును బ్రాహ్మణ వేషములతో గిరివ్రజమునకు పోయి జరాసంధుని ద్వంద్వయుద్ధమునకు పిలిచిరి. మువ్వురలో ఎవనినైనను ఎన్నుకొనుమనిరి. గెలుపే కోరినవాడైనచో జరాసంధుడు భీముని విడిచి మరియొకని కోరుకొని యుండును. అతడు భీమునే కోరెను. దినముల తరబడి పోరాడి చచ్చెను. గెలుపోటముల పట్టికలో అతని పేరెదుట ఓటమి యని వ్రాయవలసినదే. కాని ఎన్నుకొనుటకు అవకాశము చిక్కినప్పుడు మిక్కిలి బలవంతుని ఎన్నుకొనుట ఆ పట్టికలో వ్రాయుటకు గడి లేదు. అది వ్రాయనిచో జరాసంధుని మల్లత్వము తెలియనే తెలియదు.

పాశ్చాత్య ముష్టియుద్ధమున అంకెకు పేరువడినవాడు అమెరికా దేశస్థుడు రాకీ మార్సియానో. నలుబది తొమ్మిది పోరాటములు, నలుబది తొమ్మిది గెలుపులు. ఒక్క ఓటమియైనను లేక 1956లో విరమించెను. మహమ్మద్ ఆలీ 61 పోరాటములలో 5 మారులు ఓడెను. అంకెలనే చూచినచో ఆలీ తక్కువవాడు. కాని మార్సియానో 1951లో ఓడించిన జో లూయీ నాటికి 37 ఏండ్లవాడు. ఒకసారి విరమించి, పన్నుల బాకీలు తీర్చుకొనుటకై మరల గ్లవుజులు తొడిగినవాడు. ఇది మార్సియానో దోషము కాదు; తన కాలమున ఎదురైనవారిని ఆయన తప్పించుకొనలేదు. అంకె మాత్రము ఎదిరి వయస్సును చెప్పదు, అలసటను చెప్పదు. సున్న ఓటములు అను మాట విన్నంతనే, ఎవరితో అని అడుగుట నేర్వవలెను.

ఈ గడిలోనే మన దేశపు గామా పహిల్వానును, పోలండు దేశపు జిబిస్కోను చేర్చి చూడవలెను. గామా 1910లో లండనునకు పోయెను. ఎత్తు చాలదని అక్కడి పోటీలలో ఆయనను చేర్చుకొనలేదు. అప్పుడాయన ఎవరు వచ్చినను పడవేసెదనని బహిరంగముగా సవాలు చేసెను. అమెరికనుడగు రోలరు పడిన పిమ్మట, ఆ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన జాన్ బుల్ పటకాకై స్తానిస్లాస్ జిబిస్కోతో కుస్తీ జరిగెను. జిబిస్కో భారీ దేహము గలవాడు. గామా వేగమును చూచి ఆయన నేలను కరచి బోరగిల పండుకొని, లేవక, తిరుగక, రెండున్నర గంటలకు పైగా గడపెను. ఆ దినమున ఫలితము తేలలేదు. సెప్టెంబరు 17వ తేదీన మరల పట్టవలెనని నిర్ణయించిరి. ఆ దినమున జిబిస్కో రాలేదు. పటకా గామాదయ్యెను.

కథ ఇంతటితో ముగిసినచో జిబిస్కోను పిరికివాడని త్రోసివేయవచ్చును. కాని అడంగలు ఒక్క యేటి పంటతో ముగియదు. 1925లో అమెరికాలో వేయిన్ మన్ అనువాడు జగజ్జెట్టి యను బిరుదు ధరించి యుండెను. అతడు కాలిబంతి ఆటగాడు. కుస్తీ పట్లు అంతగా ఎరుగనివాడు. టిక్కెట్లు అమ్ముడుపోవుటకై నిర్వాహకులు ముందే కూడబలుక్కొని అతనికి ఆ బిరుదు కట్టబెట్టిరి. ఏప్రిలు నెలలో ఫిలడెల్ఫియా నగరమున అతనికెదురుగా జిబిస్కోను నిలిపిరి. ఓడిపొమ్మన్న ఒప్పందమును ప్రక్కకు నెట్టి, 46 ఏండ్ల జిబిస్కో నిజమైన కుస్తీ పట్టి మన్‌ను మరల మరల పడవేసెను. బిరుదు డొల్ల యని సభ యెల్ల చూచెను. ఆ జిబిస్కోయే 1928లో పటియాలాకు వచ్చెను. నాటికి ఇద్దరును ఏబది యేండ్ల దరినున్నారు. అది లండను పరుపు కాదు, మన మట్టి గోదా. కూడిన వేలకొలది జనమంతయు గామావారే. ఒక నిమిషము నిండకమునుపే గామా ఆయనను వెల్లకిల పడవేసెను.

ఆ దినము గెలిచినవాడు గామా; అందు సందేహము లేదు. కాని పదునెనిమిది యేండ్ల క్రింద తాను రాక తప్పించుకొన్న కుస్తీని వెదకికొనుచు, సముద్రములు దాటి, ఎదిరి సొంత నేలమీదికి వచ్చి నిలిచినవానిని పిరికివాడనుట యెట్లు? 1910 నాటి గడిలో వ్రాసిన మాటను 1928 నాటి గడి దిద్దినది. ఒక్క దినపు ఫలితముతో మనుష్యుని తూచరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక రెండవ గడి. హస్తినాపురమున కుమారుల విద్యాప్రదర్శన జరుగుచుండగా కర్ణుడు రంగమునకు వచ్చి అర్జునుని పిలిచెను. కృపాచార్యుడు అతని విద్య నడుగలేదు, కులము నడిగెను. రాజుగానివాడు రాజపుత్రునితో పోరరాదనెను. అంతట దుర్యోధనుడు కర్ణుని అంగరాజ్యమునకు అభిషిక్తుని చేసెను. ఇచ్చట బిరుదు యుద్ధము పిమ్మట వచ్చిన బహుమానము కాదు. యుద్ధమునకు ముందు కావలసిన ప్రవేశపత్రము. అది లేనివాడు ఎంతటివాడైనను ద్వారము వెలుపలనే నిలువవలెను.

ఈ కాలపు ముష్టియుద్ధమున ఆ విధముగా వెలుపల నిలిచిపోయిన వారిలో ఎన్నదగినవాడు శామ్ లాంగ్‌ఫర్డ్. కెనడాలోని నోవా స్కోషియాలో నల్లవారి యింట పుట్టి, బోస్టను చేరి, పొట్టివాడయ్యు తనకంటె తలయెత్తు మించినవారిని పడగొట్టెను. 1906లో తనకంటె ఎంతో బరువైన జాక్ జాన్సన్‌తో పదునైదు రౌండ్లు పోరాడి ఓడెను. జాన్సన్ కూడ నల్లవాడే. తెల్లవారగు జగజ్జెట్టీలు ఆయనకు అవకాశమీయక ఏండ్ల తరబడి త్రిప్పిరి. ఎట్టకేలకు 1908లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున టామీ బర్న్స్‌ను ఓడించి ఆయన హెవీవెయిట్ జగజ్జెట్టి యయ్యెను. నల్లవారిలో ఆ బిరుదు పొందిన మొదటివాడాయనయే.

తాను ద్వారము కడ పడిన బాధ తెలిసినవాడు గనుక జాన్సన్ ద్వారము తెరచునని ఎవరైనను తలతురు. అట్లు జరుగలేదు. 1915 వరకు బిరుదు ఆయన చేతనున్నను లాంగ్‌ఫర్డ్‌కు ఒక్క అవకాశమైనను ఈయలేదు. జాన్సన్ ఓడిన పిమ్మట తెల్లవారు ఆ ద్వారమును మరింత గట్టిగా మూసిరి. 1937లో జో లూయీ వచ్చువరకు, ఇరువది రెండేండ్లు, ఏ నల్లవానికిని ఆ బిరుదుకై పోరాడు అవకాశము కలుగలేదు. లాంగ్‌ఫర్డ్, హారీ విల్స్, జో జెనెట్, శామ్ మెక్‌వే అనువారు ఎవరును రానీయని యింటి ముంగిట, తమలో తాము మరల మరల పోరాడుకొనుచు వయస్సు గడపిరి. లాంగ్‌ఫర్డ్ కన్నులు పోయెను. 1944లో ఒక పాత్రికేయుడు న్యూయార్కులోని ఒక చీకటి గదిలో బీదవాడై, గ్రుడ్డివాడై యున్న ఆయనను కనుగొని పత్రికలో వ్రాయగా, చదివినవారు చందాలు వేసి ఆయనకు జీవనాధారము కల్పించిరి. 1956లో ఆయన మరణించెను.

జగజ్జెట్టీల పట్టికలో ఆయన పేరు లేదు. ఆ పట్టికనే ప్రమాణముగా కొన్నచో, అన్యాయము చేసినవారి వ్రాతనే న్యాయస్థానపు తీర్పుగా కొన్నట్లగును. బిరుదు లేకుండుట లాంగ్‌ఫర్డ్ పద్దులో లోటు కాదు. బిరుదులు పంచినవారి పద్దులో తీరని బాకీ. జాన్సన్ గొప్ప యోధుడే. కాని ఆయన అడంగలులో ఈ గడి బీడుగానే యున్నది. అన్యాయము ననుభవించుట ఒకటి, తన వంతు వచ్చినప్పుడు దానిని ఇతరులకు చేయకుండుట మరియొకటి.

త్రోవను మూయునది వర్ణమొకటే కాదు, లేమియును మూయును. మహారాష్ట్రములో సతారా జిల్లా గోలేశ్వరమను పల్లెలో పుట్టిన ఖాశాబా జాధవ్ 1948లో లండను ఒలింపిక్ క్రీడలకు పోయి ఆరవ స్థానము పొందెను. మట్టిలో పట్టిన కుస్తీ తప్ప పరుపుమీది కుస్తీ ఆయన ఎరుగడు. 1952లో ఫిన్లండు దేశపు హెల్సింకీకి పోవుటకు ఆయన కడ డబ్బు లేదు. ఊరివారు చందాలు వేసిరి. కొల్హాపూరులో ఆయన చదివిన కళాశాల ప్రధానాచార్యుడు తన యింటిని తాకట్టుపెట్టి 7,000 రూపాయలు తెచ్చెను. హెల్సింకీలో ఆయనకు తగిన విశ్రాంతి లేకుండగనే తరువాతి కుస్తీకి పిలిచిరి. అభ్యంతరము చెప్పుటకు మన దేశపు అధికారి ఒక్కడును దరి లేడు. అయినను ఆయన కాంస్య పతకము తెచ్చెను. స్వతంత్ర భారతమున ఒక వ్యక్తి సాధించిన మొదటి ఒలింపిక్ పతకమదియే. అట్టిది మరియొకటి వచ్చుటకు 1996 వరకు నలుబది నాలుగేండ్లు పట్టెను.

ఊరివారు నూటికి పైగా ఎడ్లబండ్లు కట్టి ఆయనను ఊరేగించిరి. ఆయన కుస్తీ పందెములు పెట్టించి, వచ్చిన సొమ్ముతో ఆచార్యుని యింటి తాకట్టు విడిపించెను. పిదప పోలీసు శాఖలో చిన్న యుద్యోగియై, 1984లో రహదారి ప్రమాదమున మరణించెను. అర్జున పురస్కారము ఆయనకు వచ్చినది మరణానంతరము. ఒలింపిక్ దస్త్రములో ఆయనకు ఎదురుగా నున్న అంకె మూడు. ఆ మూడునకు వెనుక ఒక ఊరి చందాయును, ఒక గురువు ఇంటి కప్పును కలవు. వానిని చూడక మూడు ఒకటికంటె తక్కువయని చెప్పుట గణితమగును గాని విచారణ కాదు.

మూడవ గడి, గోదాలో వర్తనము. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదని ధర్మము. భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టెను. సభలో ద్రౌపదికి జరిగిన అవమానమును, తన ప్రతిజ్ఞను ఆయన మరువలేదు, కారణము లేకపోలేదు. అయినను బలరాముడు నాగలి యెత్తి లేచెను. గెలుపు భీమునిదే. ఆ గెలుపు సరియైనదా కాదా యను తగవు మాత్రము భారతము చదువువారిలో నేటికిని తీరలేదు.

దీనికి సరిగా ఎదురైనది 1984లో లాస్ ఏంజిలీసు ఒలింపిక్ క్రీడలలో జరిగెను. జూడో తుది పోటీలో జపానుకు చెందిన యసుహిరో యమషితయు, ఈజిప్టునకు చెందిన మొహమ్మద్ రష్వానును ఎదురెదురయిరి. అంతకుముందు పోటీలో యమషిత కుడికాలి పిక్క కండరము దెబ్బతినెను. ఆయన కుంటుచు వచ్చుట ప్రేక్షకులందరును చూచిరి. ఆ కాలిని దెబ్బతీసినచో బంగారు పతకము తనదగునని రష్వాను ఎరుగును. జూడో ధర్మము దానిని నిషేధింపను లేదు. కాని గాయపడిన కాలిపై గెలుపు తనకు వలదని ఆయన తలచెను. యమషిత ఆయనను నేలకదిమి పట్టి గెలిచెను. విజేత కుంటికాలితో పతక వేదిక నెక్కవలసినప్పుడు చేయూతనిచ్చినవాడు ఓడిన రష్వానే. ఆయనకు అంతర్జాతీయ క్రీడాధర్మ పురస్కారము లభించెను. భీముడు గెలిచియు తగవు మిగిల్చెను; రష్వాను ఓడియు తగవు మిగుల్చలేదు.

ఈ గడిలో మల్లునితోబాటు వస్తాదు పేరును వ్రాయవలెను. 1975 అక్టోబరు 1వ తేదీన ఫిలిప్పీను దీవులలోని మనీలాలో ఆలీయు, జో ఫ్రేజియరును పదునాలుగు రౌండ్లు ప్రాణములకు తెగించి పోరాడిరి. ఫ్రేజియరు కన్నులు వాచి చూపానని స్థితి వచ్చెను. ఇక మిగిలినది ఒక్క రౌండు, మూడు నిముషములు. ఫ్రేజియరు పోరుదుననెను. ఆయన వస్తాదు ఎడ్డీ ఫచ్ వలదని ఆపెను. ఆ మాటతో గెలుపు ఆలీ వశమయ్యెను. ఫచ్ శిష్యుని గెలుపు అవకాశమును పోగొట్టెను, శిష్యుని నిలిపెను. గెలుపుల పట్టికలో ఇది ఓటమియే. తన బిడ్డను గోదాకు పంపు తండ్రి నడిగినచో ఇది ఏమియో చెప్పును.

నాల్గవ గడి, బలము పోయిన త్రోవ. జర్మనీ దేశపు మాక్స్ ష్మెలింగ్ 1936లో జో లూయీని ఓడించెను. హిట్లరు ప్రభుత్వము అది తన జాతి గొప్పతనమని చాటుకొనెను. 1938 జూను నెలలో లూయీ ఆయనను మొదటి రౌండులోనే, రెండు నిముషములకు కొంచెము మించిన కాలములో పడగొట్టెను. పట్టికలో ష్మెలింగ్ కథ ఇంతే. కాని ఆ సంవత్సరమే నవంబరు నెలలో జర్మనీ యందంతట యూదుల యిండ్లను, అంగళ్లను అల్లరిమూకలు ధ్వంసము చేయుచుండగా, ఆయన తన యూదు మిత్రుని ఇరువురు కొడుకులను బెర్లినులోని తన హోటలు గదిలో దాచి కాపాడెను. పట్టుబడినచో ఆయన గతి యేమగునో చెప్పనక్కరలేదు. ఈ సంగతి ఆయన దశాబ్దముల కొలది ఎవరికిని చెప్పుకొనలేదు. ఆ కొడుకులలో ఒకడు 1989లో బయటపెట్టెను. యుద్ధానంతరము ష్మెలింగ్ లూయీకి ఆప్తమిత్రుడయ్యెను. లూయీ 1981లో మరణింపగా అంత్యక్రియల ఖర్చులో తానును పాలు పంచుకొనెను. లూయీ చేతి దెబ్బకు రెండు నిముషములలో కూలినవాడు, ఒక రాజ్యపు భయమునకు కూలలేదు.

ఆలీ ఓటములను లెక్కించువారు ఆయన పోరాడని ఏండ్లను కూడ లెక్కింపవలెను. వియత్నాం యుద్ధమునకు సైన్యమున చేరనని 1967లో ఆయన నిరాకరించెను. బిరుదు లాగికొనిరి; శిక్ష విధించిరి. ఇరువది యైదేండ్ల నిండు ప్రాయము మొదలు మూడేండ్లకు పైగా గోదా ముఖము చూడనీయలేదు. 1970లో మరల పోరాటమునకు వచ్చెను. 1971లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆ శిక్షను కొట్టివేసెను. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసా నగరమున జార్జి ఫోర్మనును ఓడించి బిరుదును మరల గెలుచుకొనెను. ఆయన మతమును, మాటతీరును ఒప్పుకొననివారు పెక్కురు కలరు. తాను నమ్మినదానికై బిరుదును వదలుకొనగలవాని బిరుదునకు ఒక విలువ కలదని వారును ఒప్పుకొనవలసినదే.

ఇచ్చట తెలుగువారు కోడి రామమూర్తి నాయుడు గారిని స్మరించుట సహజము. శ్రీకాకుళ ప్రాంతమున వీరఘట్టములో పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, సర్కసు నడపి, రొమ్ముమీద ఏనుగును నిలిపి, ఊపిరి బిగించి ఇనుప గొలుసులు త్రెంచి, కలియుగ భీముడని పేరుపడినవాడాయన. తన బలమునకు ప్రాణాయామమును, శాకాహారమును కారణములుగా చెప్పెడివాడు. 1942లో అస్తమించెను. ఆయన గొప్పవాడనుటలో రెండు మాటలు లేవు. అయినను ఈ ప్రసంగమున ఆయనను గామా ప్రక్కన నిలిపి పోల్చుట న్యాయము కాదు. గొలుసు ఎదురు పట్టు పట్టదు. ఏనుగు ఎత్తునకు పై యెత్తు వేయదు. బలప్రదర్శన ఒక విద్య, ద్వంద్వయుద్ధము మరియొక విద్య. మనవాడను అభిమానముతో ఒక పైరును మరియొక పైరు గడిలో వ్రాయరాదు. ఆయన ఘనత వేరు పుటలో, వేరు అక్షరములతో వ్రాయదగినది: దేహమును సాధించుట కూడ ఒక చదువని ఆయన తన దేహముతోనే చూపెను.

రెండు ఆక్షేపణలు ఇచ్చట వినబడవచ్చును. మొదటిది, ఇట్లయినచో అంకెలును బిరుదులును పనికిమాలినవా? కావు. పట్టా లేని ఊరిలో తగవులకు అంతము లేదు. అంకెలు లేనిచోట గొప్పలు పెరుగును. గామా వేలకొలది కుస్తీలు గెలిచెనను సంఖ్య జనులు చెప్పుకొను కథ; లండను కుస్తీయు, పటియాలా కుస్తీయు నాటి పత్రికల కెక్కిన సంగతులు. ఘనత నిర్ణయించువాడు కథను వినవచ్చును, తీర్పు మాత్రము సాక్ష్యముమీదనే చెప్పవలెను. అడంగలును గూడ పొలము గట్టుమీదికి పోయి చూచి వ్రాయవలెను గాని ఇంట గూర్చుండి ఊహించి వ్రాయరాదు.

రెండవది, సద్గుణమునే చూచినచో దుర్బలుడైన సాధువు కూడ గొప్ప మల్లుడగునా? కాడు. విద్య మొదట ఉండవలెను. రష్వాను ఒలింపిక్ తుది పోటీకి చేరినవాడు గనుకనే ఆయన విడిచిన అవకాశమునకు విలువ వచ్చినది. చేతగానివాడు కొట్టకుండుట దయ కాదు. అట్లే ఒక గడి నిండినంత మాత్రమున వేరొక గడి నిండదు. భీముని కోరుకొన్న జరాసంధుడే రాజులను పట్టి తెచ్చి చెరసాలలో పెట్టెను. అతని మొదటి గడి నిండుగా నున్నది; నాల్గవ గడిలో వ్రాయవలసినది పాపము. ఒకదానిని చూపి మరియొకదానిని కప్పరాదు.

అరుగుమీది వాదములు తెగకుండుటకు కారణము కూడ ఇదియే. వాదించువారు నాలుగు గడులను కూడి అడుగున ఒక్క మొత్తము వేయజూచుచున్నారు. నీటి వనరును, పైరు పేరును, పంట దిగుబడిని కూడి మొత్తము వేయు లెక్క లోకమున లేదు. అందరిలో గొప్పవాడెవడని అడిగినచో జవాబు దొరకదు. ఎవడు దేనిలో గొప్పవాడని అడిగినచో దొరకును. గెలుపులో మార్సియానో, నైపుణ్యమునకు తగిన ఫలము దొరకని ఓర్పులో లాంగ్‌ఫర్డ్, తప్పించుకొన్న పరీక్షకు తిరిగి వచ్చుటలో జిబిస్కో, కృతజ్ఞతలో జాధవ్, ఎదిరిని గౌరవించుటలో రష్వాను, మౌనముగా చేసిన మేలులో ష్మెలింగ్. ఇట్లు చెప్పిన తోడనే వాదము చల్లబడి, విచారణ మొదలగును.

చూచువారికిని ఇందులో ఒక బాధ్యత కలదు. గోదాలో పోరాడువారు ఇద్దరే. బిరుదు కట్టువారు, పేరు నిలుపువారు, మరచిపోవువారు చుట్టు నిలిచిన జనమే. లాంగ్‌ఫర్డ్‌ను వెలుపల నిలిపినది జనము సహించిన ఆచారము. చీకటి గదిలో నున్న ఆయనను వెలుగులోనికి తెచ్చినది ఒక పాత్రికేయుని వ్రాత. ఆయనను పోషించినది చదువరుల చందా. అందుచేత చదువువాడు కేవలము ప్రేక్షకుడు కాడు. పాత పట్టికలో వ్రాయక విడిచిన గడిని నింపువాడు అతడే.

ఈ గ్రంథాలయమునకు నేడు ఇరువది యైదేండ్లు నిండినవి. ఎన్ని పుస్తకములు, ఎందరు చందాదారులు అను సంఖ్యలు నివేదికలో చదువబడినవి, అవి పట్టా. ఏ పుస్తకము ఎవని మనస్సులో ఏ పైరు వేసెనో అది అడంగలు. దానిని వ్రాయు గుమాస్తా లేడు. చదివినవాని నడవడిలో అది తనంత తాను వ్రాయబడును. రేపటి దినమున పఠన మందిరపు అరుగుమీద యువకులు మరల వాదింతురు గాక. ఎన్ని గెలిచెనని అడిగిన పిమ్మట, ఎవరితో, ఏ అడ్డంకుల నడుమ, ఏ తీరున, దేనికొరకు అని ఆ నాలుగు ప్రశ్నలను గూడ అడుగుదురు గాక. ఈ గ్రంథాలయము దినదినాభివృద్ధి నొంది స్వర్ణోత్సవమును చూచుగాక!

స్వస్తి.